గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు: నడివయసు స్త్రీల గుండె జబ్బులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నలభై నుంచి యాభై అయిదేళ్ల లోపు స్త్రీలు రాసినవే. అడిగిన ప్రశ్నలు వేరువేరైనా, "ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్న మాట వాటిలో పదేపదే కనిపించింది. ప్రపంచం మొత్తం మీద స్త్రీల మరణాల్లో దాదాపు మూడింట ఒక వంతుకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. అయినా ఇది మగవాళ్లకు వచ్చే జబ్బు అన్న భావన రోగుల్లోనే కాదు, వైద్యుల్లో కూడా ఇంకా పూర్తిగా పోలేదు. గుండె జబ్బు విషయంలో ఒక స్త్రీకి సరైన వైద్యం అందాలంటే ఆమె జబ్బు అచ్చం మగవాడి జబ్బులాగే ఉందని ముందు రుజువు కావలసి వస్తోందని 1991లో అమెరికా వైద్యురాలు బెర్నడైన్ హీలీ ఒక వైద్య పత్రికలో రాశారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదని ఈ ఉత్తరాలు చదువుతుంటే బాధ కలిగింది. అందుకే ఈసారి కొద్ది ప్రశ్నలే తీసుకుని, అవసరమైన చోట విపులంగా రాస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 48. రెండు నెలలుగా మెట్లెక్కినా, గబగబా నడిచినా ఆయాసం వస్తోంది. ఒక్కోసారి దవడ కింద, రెండు భుజాల మధ్య వీపులో పట్టేసినట్లుంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. ఛాతీలో నొప్పి అని చెప్పలేను, బరువుగా మాత్రం ఉంటుంది. ఈసీజీ తీసి అంతా బాగానే ఉందని, గ్యాస్, టెన్షన్ అని మాత్రలు రాసిచ్చారు. తగ్గలేదు. మళ్లీ వెళ్తే విసుక్కుంటారేమోనని ఆగిపోయాను.

జవాబు: అమ్మా, మీరు మళ్లీ వెళ్లాలి. ఈ వారంలోనే వెళ్లాలి. వాళ్లు విసుక్కుంటారేమో అన్న మొహమాటాన్ని దయచేసి పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగిన చోటు "కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది" అన్న వాక్యం. మెట్లెక్కేటప్పుడు గుండె వేగంగా, బలంగా కొట్టుకోవాలి, దానికి ఎక్కువ రక్తం కావాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనులు సన్నబడి ఉంటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు సరిపోయిన రక్తం శ్రమ పడేటప్పుడు సరిపోదు. ఆ కొరతే ఛాతీలో బరువుగానో, ఆయాసంగానో, దవడలో పట్టేసినట్లుగానో తెలుస్తుంది. కూర్చోగానే గుండెకు పని తగ్గుతుంది, కొరత తీరుతుంది, బాధ తగ్గుతుంది. దీనినే వైద్యులు యాంజైనా అంటారు. జీర్ణాశయంలోని గ్యాస్ మెట్లు మొదలుపెట్టగానే వచ్చి, కూర్చోగానే పోదు. ఏ పని చేస్తే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్న ఈ మూడు వివరాలు ఏ పరీక్షకూ తీసిపోవు.

గుండెలో బాధ పుడితే దవడ ఎందుకు లాగుతుందని చాలామంది అడుగుతారు. గుండె నుంచి వచ్చే నరాలూ, ఛాతీ, చేతులు, మెడ ప్రాంతాల నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోట్ల చేరతాయి కాబట్టి, నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అప్పటికే దంతవైద్యుడి దగ్గర ఒక పన్ను తీయించుకున్నారు, అయినా నొప్పి పోలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ అరచేయి దవడ మీదే ఉంది. నడక ఆపితే ఆ నొప్పి ఏమవుతుందని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి, చేయి దించి, "ఆగిపోతుందండీ, ఇంతవరకూ నేనే గమనించలేదు" అన్నారు. ఆ జవాబుతోనే మేం వెతకవలసిన దారి తెలిసిపోయింది.

స్త్రీలకు గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి ఉండదని ఈ మధ్య ప్రచారం జరుగుతోంది. అది నిజం కాదు. అమెరికాలో 55 ఏళ్లు, అంతకు లోపు వయసున్న గుండెపోటు రోగులపై జరిగిన వర్గో అధ్యయనంలో స్త్రీలలో 87 శాతం మందికి, పురుషులలో దాదాపు 90 శాతం మందికి ఛాతీలో నొప్పో, ఒత్తిడో, బిగుతో ఉన్నట్లు తేలింది. అయితే స్త్రీలలో దాంతోపాటు వికారం, ఆయాసం, చెమటలు, వీపు నొప్పి, దవడ నొప్పి, అంతుపట్టని నీరసం వంటివి ఇంకో మూడు నాలుగు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఇన్ని బాధలు ఏకరువు పెట్టేటప్పుడు ఛాతీ బరువు వాటిలో ఒకటిగా మరుగున పడుతుంది. ఆస్పత్రిలో చేరకముందే ఆ లక్షణాలతో వైద్యుడిని కలిసినవారిలో, అది గుండె సమస్య అని వైద్యుడు అనుకోలేదని సగం కంటే ఎక్కువ మంది స్త్రీలు చెప్పారు. పురుషులలో అలా చెప్పినవారు 37 శాతం. మీకు జరిగింది మీ ఒక్కరికే జరిగింది కాదు.

ఇక ఈసీజీ. పడుకోబెట్టి తీసే ఈసీజీ మీ గుండెలో పది సెకన్ల పాటు నడిచిన విద్యుత్ చర్య నమోదు. ఆ పది సెకన్లలో మీరు మెట్లెక్కడం లేదు, మీకు బాధా లేదు. కాబట్టి యాంజైనా ఉన్నవారిలో కూడా అది మామూలుగా రావడం చాలా సాధారణం. గుండె జబ్బు లేదని తేల్చే శక్తి ఆ కాగితానికి లేదు. బాధ ఉన్న సమయంలో తీసిన ఈసీజీకి మాత్రం చాలా విలువ ఉంది.

మీకు ముందుగా కావలసినవి బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు, గుండె ఎకో. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ అదుపు తప్పినా ఇలాంటి ఆయాసమే వస్తుంది, కాబట్టి వాటిని వదిలేయకూడదు. అయితే హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉందని తెలియగానే గుండె మాట మరచిపోవడమూ తప్పే, ఎందుకంటే రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఆ తరువాత గుండెకు పని పెట్టి చూసే పరీక్ష అవసరం. సాధారణ ట్రెడ్‌మిల్ పరీక్షలో స్త్రీలకు జబ్బు లేకపోయినా ఉన్నట్లు చూపే మార్పులు పురుషుల కంటే ఎక్కువగా కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పుల వల్లనో, అలవాటు లేకపోవడం వల్లనో తగినంత వేగం అందుకోకముందే ఆపేస్తే ఆ ఫలితం ఎటూ తేలదు. బాగా నడిచి, గుండె వేగం అనుకున్నంత పెరిగిన తరువాత కూడా మార్పులేమీ లేకపోతే మాత్రం అది ధైర్యం కలిగించే ఫలితమే. అలా స్పష్టంగా తేలనప్పుడు శ్రమ పెట్టి చేసే ఎకో గానీ, కరోనరీ ధమనులను నేరుగా చూపే సీటీ యాంజియోగ్రామ్ గానీ మెరుగైన దారి. ఏది ముందు చేయాలన్నది మిమ్మల్ని చూసిన గుండె వైద్యులు నిర్ణయిస్తారు.

వారి ముందు కూర్చున్నప్పుడు "నీరసంగా ఉంటోంది" అని మొదలుపెట్టకండి. "రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ బరువెక్కి, దవడ పట్టేసి, కూర్చుంటే తగ్గుతోంది. ఇది గుండె వల్లనా, కాదా అన్నది తేల్చండి" అని అడగండి. ఈలోగా ఆ బాధ కూర్చుని ఉన్నప్పుడే వచ్చినా, మునుపటి కంటే తక్కువ శ్రమకే వస్తున్నా, విశ్రాంతి తీసుకున్నా పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ ఈసీజీతో పాటు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్త పరీక్ష చేస్తారు, అవసరమైతే కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు. ఆరోగ్యవంతులైన స్త్రీల రక్తంలో ట్రోపోనిన్ పురుషుల కంటే తక్కువగా ఉంటుంది. విస్తృతంగా వాడే ఒక అతి సున్నితమైన పరీక్షలో లీటరుకు పురుషులకు 34 నానోగ్రాములు హద్దయితే స్త్రీలకు 16 మాత్రమే. అందరికీ ఒకే హద్దు పెట్టి చూస్తే కొందరు స్త్రీల గుండెపోటు ఆ అంకెల చాటున దాగిపోతుంది.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఛాతీ నొప్పికి యాంజియోగ్రామ్ చేసి, ఎక్కడా బ్లాకులు లేవు, మీ గుండె శుభ్రంగా ఉంది, నిశ్చింతగా ఉండండి అన్నారు. కానీ నొప్పి అలాగే వస్తోంది. ఇంట్లో వాళ్లు ఇప్పుడు అదంతా నా మనసులో ఉందంటున్నారు. నాకు నిజంగానే అనుమానపు జబ్బా?

జవాబు: కాదమ్మా. మీ నొప్పికి కారణం ఇంకా దొరకలేదు, అంతే.

యాంజియోగ్రామ్‌లో కనిపించేవి గుండె ఉపరితలం మీద పరుచుకున్న పెద్ద ధమనులు మాత్రమే. అర మిల్లీమీటరు కంటే సన్నవైన రక్తనాళాలు ఆ చిత్రంలో కనబడవు, కానీ గుండె కండరానికి ఎప్పుడెంత రక్తం అందాలో ఎక్కువగా నిర్ణయించేవి అవే. శ్రమ పడినప్పుడు అవి తగినంత విప్పారకపోతే పెద్ద ధమని ఎంత విశాలంగా ఉన్నా కండరానికి రక్తం చాలదు. దీనిని సూక్ష్మనాళాల యాంజైనా అంటారు. పెద్ద ధమని ఉన్నట్లుండి మూసుకున్నట్లు బిగుసుకుని, మళ్లీ విడిపోవడం ఇంకో కారణం. ఇది తరచుగా విశ్రాంతిలో, ముఖ్యంగా తెల్లవారుజామున వస్తుంది. 1996లో అమెరికాలో మొదలైన వైజ్ అధ్యయనం మీలాంటి స్త్రీలనే ఏళ్ల తరబడి గమనించింది. పెద్ద బ్లాకులు లేకపోయినా నొప్పి కొనసాగుతున్న స్త్రీలలో చాలామందికి ఈ సూక్ష్మనాళాల లోపం ఉందనీ, బాధలు లేని స్త్రీలతో పోలిస్తే వీరికి తరువాతి కాలంలో గుండెపోటు, గుండె వైఫల్యం వచ్చే అవకాశం ఎక్కువేననీ ఆ పరిశోధకులు చూపించారు. కాబట్టి "బ్లాకులు లేవు" అన్నది మంచి వార్తే గానీ, అక్కడితో విచారణ ముగిసిపోకూడదు.

దీనిని తేల్చే పరీక్షలు ఉన్నాయి. కొన్ని కేంద్రాల్లో యాంజియోగ్రామ్ సమయంలోనే ధమనిలోకి ఎసిటైల్‌కోలిన్, అడినోసిన్ అనే మందులు ఎక్కించి నాళాలు ఎలా స్పందిస్తున్నాయో కొలుస్తారు. అది వీలు కానిచోట పెట్ స్కాన్, గుండె ఎంఆర్ఐ ద్వారా కండరానికి అందే రక్తాన్ని అంచనా వేయవచ్చు. కారణం తెలియడం వల్ల వైద్యం మారుతుంది. సూక్ష్మనాళాల యాంజైనాకు బీటా బ్లాకర్లు బాగా పనిచేస్తాయి, కానీ ధమని బిగుసుకునే జబ్బులో అవే కొందరికి హాని చేయవచ్చు. అక్కడ కాల్షియం చానల్ బ్లాకర్లు, నైట్రేట్లు కావాలి. బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ అదుపు రెండింటికీ అవసరమే.

నొప్పి వచ్చిన రోజు మీ ట్రోపోనిన్ పెరిగిందా అన్నది మీరు రాయలేదు. డిశ్చార్జి కాగితం తీసి చూడండి. ట్రోపోనిన్ పెరిగి ఉండి కూడా బ్లాకులు కనబడకపోతే అది నిజమైన గుండెపోటే కావచ్చు. అప్పుడు గుండె ఎంఆర్ఐ తప్పనిసరిగా అడగండి. నడివయసు స్త్రీలలో ధమని లోపలి పొర తనంతట తానే చీలి, ఆ పొరల మధ్య రక్తం చేరి దారి మూసే జబ్బు ఒకటుంది. ఆ రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలే. చాలామందిలో ఆ చీలిక స్టెంట్ లేకుండానే కొన్ని వారాల నుంచి నెలల్లో మానుతుంది. తీవ్రమైన దుఃఖమో భయమో కలిగిన వెంటనే ఎడమ జఠరిక కొస బుడగలా ఉబ్బి, గుండెపోటులాగే కనిపించే టకొట్సుబో అనే జబ్బు మరొకటి. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో గుండె కనిపించడం వల్ల అక్కడి వైద్యులు ఆ పేరు పెట్టారు. అది కూడా ఎక్కువగా నెలసరి ఆగిన స్త్రీలలోనే వస్తుంది. ఇవేవీ మనసు కల్పించుకున్న జబ్బులు కావు. ఈ జవాబును మీ ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి.

ప్రశ్న: వయసు 44. పదిహేనేళ్ల క్రితం మొదటి కాన్పులో బీపీ పెరిగి, గుర్రపువాతం అని చెప్పి నెల ముందే ఆపరేషన్ చేశారు. రెండో కాన్పులో షుగర్ వచ్చింది, ప్రసవం తరువాత పోయింది. ఇప్పుడు ఏ బాధా లేదు. ఇవన్నీ గుండె వైద్యుడికి చెప్పాల్సిన విషయాలేనా?

జవాబు: మొట్టమొదట చెప్పాల్సిన విషయాలు ఇవే. నిజానికి మీరు చెప్పేదాకా ఆగకుండా మేమే అడగాలి. గర్భం స్త్రీ రక్తనాళాలకు ప్రకృతి పెట్టే మొదటి పరీక్ష వంటిది. అప్పుడు బయటపడిన బలహీనత ప్రసవంతో కనుమరుగవుతుందే గానీ పూర్తిగా పోదు. గుర్రపువాతం వచ్చిన స్త్రీలకు తరువాతి జీవితంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం రాని వారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారిలో చాలామందికి కొన్నేళ్ల తరువాత మధుమేహం స్థిరపడుతుంది, పైగా మధుమేహం వల్ల గుండెకు పెరిగే ముప్పు పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. నెలలు నిండకముందే కాన్పు కావడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లో స్త్రీల కోసం విడుదల చేసిన మార్గదర్శకాల్లో గుర్రపువాతాన్ని, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్‌ను గుండె ముప్పు కారణాలుగా చేర్చింది.

ఇక్కడ మీకు ఒక సంగతి తెలియాలి. రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పట్టికలు చాలావరకు వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగే అలవాటు మీద ఆధారపడతాయి. 44 ఏళ్ల స్త్రీకి అవి దాదాపు ఎప్పుడూ "ముప్పు తక్కువ" అనే చెబుతాయి, ఎందుకంటే ఆ లెక్కలో వయసుదే పెద్ద వాటా. మీ కాన్పుల చరిత్రకు వాటిలో చోటు లేదు. అందువల్ల ఆ అంకె చూసి ఊరుకోకుండా, ఏడాదికొకసారి బీపీ, షుగర్, మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. కొలెస్ట్రాల్‌తో పాటు లైపోప్రోటీన్ (ఎ) అనే పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలి. అది చాలావరకు వారసత్వంగా వస్తుంది, డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా అంశాల మీద ఇంకాస్త పట్టు బిగించాలి. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఎటూ తేలనప్పుడు ధమనుల్లో సున్నం ఎంత పేరుకుందో చూపే సీటీ కాల్షియం స్కోరు సాయపడుతుంది. అయితే ఈ వయసులో అది సున్నా వచ్చినంత మాత్రాన పొగతాగేవారు, మధుమేహం ఉన్నవారు ధీమాగా ఉండకూడదు.

ఒక తెల్ల కాగితం తీసుకుని, ఎన్ని కాన్పులయ్యాయి, ఒక్కోదానిలో ఏం జరిగింది, నెలసరి ఏ వయసులో ఆగింది లేదా క్రమం తప్పింది, పీసీఓఎస్ ఉందా, కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులున్నాయా, రొమ్ము క్యాన్సర్‌కు మందులు, రేడియేషన్ తీసుకున్నారా, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఏ వయసులో గుండె జబ్బు వచ్చిందో రాసుకోండి. 45 ఏళ్ల లోపే నెలసరి ఆగిపోవడం, అది సహజంగానైనా అండాశయాలు తీసేసినందువల్లనైనా, గుండె ముప్పును పెంచుతుంది. ఏ డాక్టరును కలిసినా ఆ కాగితం ముందు పెట్టండి. పది నిమిషాల సంప్రదింపులో ఇవన్నీ అడిగే తీరిక వారికి లేకపోయినా, కళ్లెదుట ఉన్న కాగితాన్ని చదవకుండా ఉండరు.

ప్రశ్న: 50 నిండాయి. ఏడాదిగా నెలసరి లేదు. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రిపూట గుండెదడ. హార్మోన్ మాత్రలు వాడితే గుండెకు కూడా రక్షణ అని ఒకరు, రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే చాలని మరొకరు అంటున్నారు.

జవాబు: గుండెను కాపాడుకోవడానికి అని ఆ రెండింటిలో దేనినీ మొదలుపెట్టకండి.

ఈస్ట్రోజన్ ఉన్నంతకాలం స్త్రీలకు గుండె జబ్బు తక్కువ కాబట్టి దానిని మాత్రగా ఇస్తే రక్షణ కొనసాగుతుందని ఒకప్పుడు వైద్యులూ నమ్మారు. ఆ నమ్మకాన్ని పరీక్షించిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ పరిశోధనలో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో గడువుకు ముందే ఆపేయవలసి వచ్చింది. మేలు కంటే హాని ఎక్కువగా కనిపించడమే అందుకు కారణం. అందులో చేరిన స్త్రీల సగటు వయసు 63 ఏళ్లు అన్నది గుర్తుంచుకోవాలి. అరవై లోపు వయసులో, నెలసరి ఆగిన పదేళ్లలోపు, భరించలేని వేడి ఆవిర్ల ఉపశమనానికి హార్మోన్లు వాడటం వేరే విషయం. మీ బీపీ, రొమ్ము క్యాన్సర్ చరిత్ర, రక్తం గడ్డకట్టే స్వభావం చూసి స్త్రీల వైద్యురాలు దానిని నిర్ణయిస్తారు. మీ వేడి ఆవిర్లకు వైద్యం ఉంది, ఓర్చుకోవలసిన అవసరం లేదు.

ఆస్పిరిన్ సంగతి కూడా ఇలాంటిదే. 45 ఏళ్లు పైబడిన దాదాపు 40 వేల మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ గానీ, మందు లేని మాత్ర గానీ పదేళ్లు ఇచ్చి చూసిన ఉమెన్స్ హెల్త్ స్టడీ ఫలితాలు 2005లో వచ్చాయి. పక్షవాతం కొంత తగ్గింది గానీ మొత్తం మీద గుండెపోట్లు తగ్గలేదు, కడుపులో రక్తస్రావాలు పెరిగాయి. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు మాత్రం ఇది చదివి తమ ఆస్పిరిన్ మానేయకూడదు. వారికి అది ప్రాణరక్షణ.

రాత్రి గుండెదడ వేడి ఆవిర్లతో పాటు వచ్చి నిమిషాల్లో సర్దుకుంటే చాలావరకు భయం లేదు. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, లయ తప్పి కొట్టుకున్నట్లు ఎక్కువసేపు అనిపించినా ఈసీజీతో పాటు, గుండె లయను 24 గంటలూ నమోదు చేసే హోల్టర్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. గురక, పగటి నిద్రమత్తు ఉంటే అదీ చెప్పండి, నెలసరి ఆగిన తరువాత నిద్రలో శ్వాస ఆగే జబ్బు స్త్రీలలో పెరుగుతుంది, దానితో బీపీ కూడా పెరుగుతుంది.

ప్రశ్న: 51 ఏళ్లు. నిరుడు 124 ఉన్న ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఇప్పుడు 168 అయింది. తిండిలో మార్పేమీ లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలంటారు, కండరాలు పాడవుతాయంటారు. ఆసుపత్రిలో చూస్తే బీపీ కూడా 146/92 ఉంది. మాత్రలు లేకుండా నడక, పథ్యంతో తగ్గించుకోలేనా?

జవాబు: మీ తిండి మారలేదు గానీ మీ శరీరం మారింది. నెలసరి ఆగే సంవత్సరం చుట్టూ ఎల్‌డీఎల్ చురుగ్గా పెరుగుతుందని, వెయ్యి మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికాలోని స్వాన్ అధ్యయనం చూపించింది. కాబట్టి మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. ముందుగా థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించండి, అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అలాంటప్పుడు ముందు దానికే వైద్యం చేయాలి.

బీపీ గురించి ఒక మాట. కొలిచిన తీరు సరిగ్గా లేకపోతే ఆ అంకెతో పనిలేదు. నేను రోజూ చూసే దృశ్యం ఇది: మెట్లెక్కి వచ్చిన మనిషిని వీపుకు ఆనుడు లేని స్టూలు మీద కూర్చోబెట్టి, బిగుతుగా పైకి నెట్టిన చొక్కా చేతి మీదుగా పట్టీ చుట్టి, గాలి నింపుతూనే "ఎప్పటినుంచి బాధ?" అని అడుగుతారు. ఆమె జవాబు చెబుతుండగానే అంకె రాసేస్తారు. ఇంట్లో మీరు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు కొలిచి రాసుకోండి. ఇంటి సగటు 135/85 దాటితే అది నిజమైన బీపీయే.

స్టాటిన్ అవసరమా అన్నది 168 అనే ఒక్క అంకెతో తేలదు. 190 దాటితే, మధుమేహం ఉంటే, ఇప్పటికే గుండె జబ్బు ఉంటే ఆలోచించే పనిలేదు, వాడాలి. మీకు బీపీ ఖాయమైతే, పైన చెప్పిన కాన్పుల చరిత్ర గానీ కుటుంబ చరిత్ర గానీ ఉంటే నేనైతే మొదలుపెట్టమంటాను. ఇవేవీ లేకపోతే మూడు నెలలు గట్టిగా ప్రయత్నించి మళ్లీ పరీక్ష చేయించడం సమంజసమే. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు అయిదో వంతు తగ్గుతాయని, ఒకే స్థాయి ముప్పు ఉన్న స్త్రీపురుషులకు ఈ మేలు ఒకే రకంగా ఉంటుందని అనేక పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. కండరాల నొప్పి కొందరికి వస్తుంది, నిజమే. అయితే మందు లేని మాత్ర వేసుకున్నవారిలో కూడా దాదాపు అంతమందికి అదే నొప్పి వచ్చింది. మందు తగ్గించడం, మార్చడం వంటి దారులున్నాయి, చెప్పకుండా మానేయడమే ప్రమాదం. ఇంకా నెలసరి వస్తూ గర్భం ఆశిస్తున్న పాఠకురాళ్లు మాత్రం స్టాటిన్ మొదలుపెట్టే ముందు ఆ మాట వైద్యుడికి తప్పక చెప్పాలి.

నడక విషయంలో చాలామంది "ఇంటి పనితో రోజంతా నిలబడే ఉంటాను" అంటారు. ఆ అలసట నిజమే గానీ అది గుండెకు వ్యాయామం కాదు. మాట్లాడగలిగేలా, కానీ పాట పాడలేనంత వేగంగా వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలి, దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో మరొకరు ఆ అరగంట పని అందుకుంటేనే ఇది సాగుతుంది, ఆ సంగతి వాళ్లకు స్పష్టంగా చెప్పండి. ఉప్పు అన్ని రూపాల్లోనూ కలిపి రోజుకు 5 గ్రాములకు మించకూడదు. గడ్డకట్టే కొవ్వులు, మళ్లీ మళ్లీ మరిగించిన నూనెలు తగ్గించి, కూరగాయలు, పప్పుదినుసులు, పొట్టు తీయని ధాన్యం, గింజలు పెంచండి. నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉండేలా చూసుకోండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా మానేయాలి. పొగతాగడం వల్ల గుండె జబ్బు వచ్చే ముప్పు పురుషుల కంటే స్త్రీలలో పాతిక శాతం ఎక్కువ. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చూసినప్పుడు, పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తినకపోవడం, మద్యం తీరు, వ్యాయామ లోపం అనే తొమ్మిదింటితోనే స్త్రీల మొదటి గుండెపోట్ల ముప్పులో 94 శాతాన్ని వివరించగలిగింది. ఈ తొమ్మిదింటిలో మన చేతికి అందనిది ఏదీ లేదు.

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. రాత్రివేళ గుండెపోటు లక్షణాలు కనిపిస్తే మేం వెంటనే ఏం చేయాలి? అమ్మ ఎప్పుడూ "తెల్లారాక చూద్దాం" అంటుంది.

జవాబు: ఛాతీలో బరువు, ఆయాసం, చల్లని చెమటలు, వాంతి వస్తున్నట్లుండటం, దవడ, వీపు, చేయి లాగడం వంటివి మొదలై పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే, అవి తేలికగానే ఉన్నా, తెల్లారేదాకా ఆగకండి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు, కాబట్టి ఉన్నట్లుండి వచ్చిన ఆయాసాన్ని, కారణం లేని విపరీతమైన నీరసాన్ని కూడా నొప్పి అంత తీవ్రంగానే తీసుకోండి.

ముందు అంబులెన్సుకు ఫోన్ చేయండి. అమ్మను నడిపించవద్దు, మెట్లు దింపవద్దు, సొంతంగా బండి నడపనివ్వవద్దు. సగం పడుకున్నట్లుగా దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడదని గానీ, రక్తస్రావం జబ్బు ఉందని గానీ గతంలో ఎవరూ చెప్పి ఉండకపోతే, ఫోన్‌లో వైద్య సిబ్బందిని అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. స్పృహ తప్పి శ్వాస ఆగిపోతే రొమ్ము ఎముక మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. ఆడమనిషి అన్న సంకోచంతో చేతులు వెనక్కి తీయకండి.

యాంజియోప్లాస్టీ చేసే సదుపాయం ఉన్న ఆస్పత్రి మీకు దగ్గరలో ఏదో ఈ రోజే తెలుసుకుని పెట్టుకోండి. ధమని పూర్తిగా మూసుకున్న గుండెపోటులో ఆస్పత్రి చేరిన 90 నిమిషాల్లోపు దానిని తెరవాలన్నది లక్ష్యం. చేరడమే ఆలస్యమయ్యేచోట గడ్డను కరిగించే ఇంజెక్షన్ ముందుగా ఇస్తారు. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే "గుండెపోటు అనుమానం, ఈసీజీ తీయండి" అని చెప్పండి. అది పది నిమిషాల్లో జరగాలి. అమ్మ వాడే మందుల చీటీ, పాత ఈసీజీ ఒక కవరులో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. బాధ మొదలైన సమయాన్ని గడియారం చూసి ఆ కవరు మీదే రాయండి. డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే, ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండనిదీ అదే.